పిలవని పేరంటం

మనిషి ఏడవడానికి వెయ్యి కారణాలుండవచ్చు. కుందేలులా ఏడవడానికి మాత్రం కారణం ఒక్కటే: కయోటీని రప్పించడం. కయోటీ అంటే మన నక్కకు అమెరికాలో ఉన్న దూరపు చుట్టం. జిత్తులూ, చీకటిపడ్డాక ఎత్తుకునే రాగమూ వంశాచారం ప్రకారమే ఉంటాయి.

అక్కడి పశ్చిమ రాష్ట్రాల్లో నిష్ఠగల వేటగాడు దాని వెంట పరుగెత్తడు. అది పామరుల పద్ధతి. తెల్లవారకముందే లేచి, ఆకులూ కొమ్మలూ అచ్చువేసిన బట్టలు తొడుక్కుని, ముఖానికీ అదే గుడ్డ చుట్టుకుని, సూర్యుడు వీపు వెనక ఉండేలా పొద పక్కన చతికిలబడతాడు. నోట్లో చిన్న పీక పెట్టుకుని ప్రాణం పోతున్న కుందేలులా కీచుమంటాడు. సొంత చుట్టాలు పోయినా కన్ను చెమర్చని ధీరులు సైతం ఈ ఘట్టంలో జీవిస్తారు.

ఏడుపుకూ శాస్త్రముంది. మొదట సన్నగా అందుకోవాలి, పక్క పొదలోనే కయోటీ ఉంటే బెదరకూడదు కదా. తర్వాత గొంతు పెంచాలి, నడుమ ఆగాలి. ఆపకుండా ఏడ్చే కుందేలును కయోటీ నమ్మదు. ఈ విషయంలో మన టీవీ సీరియళ్ల ప్రేక్షకుల కన్నా దానికే వివేచన ఎక్కువ. ఇరవై నిమిషాల్లో రాకపోతే వేరే చోటికి వెళ్లి కొత్తగా ఏడవాలి. జనవరి, ఫిబ్రవరి నెలలు అవి జతకట్టే కాలం కాబట్టి కుందేలు వేషం చాలించి ఊళ వేయవచ్చు. ఊపిరి చాలనివారికి రిమోటు నొక్కితే ఏడ్చే పెట్టెలున్నాయి.

ఇంత తపస్సునూ గాలి చెడగొడుతుంది. కయోటీ తిన్నగా రాదు. చుట్టూ తిరిగి, గాలి తనవైపు వీచే చోటికి చేరి వాసన చూస్తుంది. చావబోయే కుందేలు పొద్దున్నే కాఫీ తాగిందనీ, తుపాకీకి నూనె పెట్టిందనీ దానికి అక్కడే తెలిసిపోతుంది.

సర్కారు సాయమూ తక్కువేమీ లేదు. జింకలను కాపాడతామంటూ యూటా రాష్ట్రం 2012లో చట్టం చేసి, చంపిన ఒక్కో కయోటీకి 50 డాలర్లు కట్టింది. కేంద్ర వ్యవసాయ శాఖవారు ఈ మధ్య చాలా ఏళ్లలో ఏటా 60 వేలకు పైగా చంపారు. గొర్రెలు పోగొట్టుకున్నవారి గోడు నిజమే, దాన్ని నవ్వులపాలు చేయను. కానీ తోడేళ్లను ఊడ్చిపెట్టి, కయోటీపై ఇంత యుద్ధం చేశాక, ఒకప్పుడు ఎక్కువగా పశ్చిమ, మధ్య ప్రాంతాలకే పరిమితమైన ఆ ప్రాణి ఇవాళ హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ కాపురముంటోంది.

2007 ఏప్రిల్‌లో ఒక కయోటీ చికాగో నగరం నడిబొడ్డున, తలుపు తెరిచి ఉన్న శాండ్‌విచ్‌ల కొట్టులోకి పట్టపగలు నడిచివచ్చి, శీతల పానీయాల అరలో సీసాల పక్కన ముడుచుకుని పడుకుంది. ఆ చుట్టుపక్కల ఏ కుందేలూ ఏడ్చిన దాఖలా లేదు.