రోడ్డు వెడల్పు చూస్తారు, బస్సు సంగతి చూడరు

హైదరాబాద్ ట్రాఫిక్‌కు ఫ్లైఓవర్లే మందు అని ఈ మధ్య వచ్చిన ఒక వ్యాసంలో వ్యాసకర్త తేల్చివేశారు. జబ్బు ఎక్కడ పుడుతోందో మాత్రం చెప్పలేదు. 2006 నాటి జీవో 86తో ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఎత్తివేశారు. అంటే ఇంత స్థలంలో ఇంత వైశాల్యమే కట్టాలన్న హద్దు లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ జాగా చూసి భవనం ఎత్తు తేలుస్తారు. ఆ రోడ్డు కొంత దూరం పోయి ఏ ఇరుకు సందులో కలుస్తుందో ఎవరికి పట్టింది!

మా వీధినే తీసుకోండి. పదేళ్ల కిందట అన్నీ రెండంతస్తుల ఇళ్లు. ఇప్పుడు ఉదయం ఎనిమిదిన్నరకు సెల్లార్ ర్యాంపు మీదే కార్లు బారులు తీరుతాయి. బస్టాపుకు ఇరవై నిమిషాల నడక. కాలిబాట ఉన్న కాస్త చోట నట్టనడుమ ట్రాన్స్‌ఫార్మర్. మా అమ్మ అక్కడికి రాగానే రోడ్డు మీదికి దిగి, వెనక్కి చూసుకుంటూ నడుస్తుంది.

మాస్టర్ ప్లాన్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏది, బస్సులు ఆర్టీసీవి, మెట్రోకు వేరే సంస్థ. అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికని ఉమ్టా అనే ఉమ్మడి రవాణా సంస్థను 2008లోనే తలపెట్టారు. మొన్న మా అపార్ట్‌మెంట్ సమావేశంలో దాని పేరు విన్నారా అని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు (ఒకాయన అదేదో కొత్త యాప్ అనుకున్నారు). టవర్‌కు అనుమతి ఇచ్చే ఫైలులో అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ అడుగుతారు కదా, దగ్గరి బస్టాపు ఎంత దూరమో కూడా ఒక గడి పెడితే ఏం పోయింది?