కొత్త బావుల మోజు, పాత బావుల గోడు

చమురు ఉత్పత్తి పడిపోయిందనగానే ముందుగా వినిపించే మాట ‘ఇంకో బావి తవ్వుదాం’. కొత్త బావికి ఫొటోలు, ప్రకటనలు ఉంటాయి. పాత బావిలో పంపు మార్చితే ఎవరూ వార్త రాయరు. కానీ చేతికి అందాల్సింది జారిపోతున్నది అక్కడే.

భూమిలో చమురు చెరువులా నిలిచి ఉండదు, రాతి సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. నీళ్లు ఎక్కించి తోసినా చాలా క్షేత్రాల్లో సగానికి పైగా లోపలే మిగిలిపోతుంది. ఉత్తర సముద్రంలో నార్వేకి చెందిన ఎకోఫిస్క్‌నే చూడండి. 1971లో ఉత్పత్తి మొదలైనప్పుడు మొత్తం నిల్వలో 17 శాతం దాకా వస్తుందనుకున్నారు. 1987లో పెద్దఎత్తున నీటిని ఎక్కించడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ అంచనా దాదాపు 50 శాతం. మధ్యలో కొత్త బావులూ తవ్వారు, కాదనను. కానీ అవి కూడా రాయి తీరు తెలుసుకున్నాక తవ్వినవి.

గ్యాస్ బావుల కథ ఇంకోలా ఉంటుంది. కొత్తలో గ్యాస్ జోరుగా వస్తూ నీటి తుంపర్లను కూడా పైకి మోసుకొస్తుంది. పీడనం తగ్గి వేగం మందగించాక ఆ తుంపర్లు జారి అడుక్కి చేరతాయి. నీటిమట్టం పెరిగేకొద్దీ ఆ బరువుకి గ్యాస్ రావడం తగ్గి, చివరికి ఆగిపోతుంది. రికార్డుల్లో మాత్రం ‘బావి అయిపోయింది’ అని రాసేస్తారు. నిజానికి అది అయిపోలేదు, మునిగిపోయింది. సబ్బుకడ్డీలు వేసి నీటిని నురగగా మార్చినా, సన్నటి పైపు దించి గ్యాస్ వేగం పెంచినా, పైపులో పైకీ కిందికీ తిరుగుతూ నీటిని పైకి నెట్టే ప్లంజర్ పెట్టినా చాలాసార్లు మళ్లీ పలుకుతుంది. కొత్త బావి తవ్వే రిగ్ ఖర్చు ముందు ఇవన్నీ చిల్లర.

మరి ఎందుకు చేయరు? ముందు జబ్బు తెలియాలి కదా. చాలాచోట్ల బావులన్నిటి ఉత్పత్తీ ఒకే లైనులో కలుస్తుంది. ఒక్కో బావిని వంతులవారీగా, చమురు, గ్యాస్, నీటిని విడదీసే టెస్ట్ సెపరేటర్‌కి మళ్లించి కొన్ని గంటలు కొలుస్తారు. మళ్లీ వంతు వచ్చేదాకా ఆ లెక్కనే సర్దుకుంటారు. ఈలోగా పంపు నీరసించినా, పైపులో మైనం పేరుకున్నా పట్టించుకునే నాథుడుండడు. సెన్సర్లు, ఏఐ వచ్చాయిగా అంటారు. వచ్చాయి, మంచిదే. స్క్రీన్ మీద ఎర్రలైటు వెలుగుతుంది. కానీ బాగుచేసే వర్కోవర్ రిగ్ ఖాళీ లేకపోతే ఆ లైటు అలా వెలుగుతూనే ఉంటుంది.

అసలు చిక్కు కొలమానంలో ఉంది. ‘ఈరోజు ఎన్ని బ్యారెళ్లు’ అని అడుగుతారు తప్ప, ‘ఎన్ని బావులు ఎన్నాళ్లుగా, ఎందుకు ఆగాయి’ అని అడగరు. దాంతో నెలాఖరు టెన్షన్‌లో చోక్, అంటే బావి ప్రవాహాన్ని అదుపుచేసే వాల్వ్, బాగా తెరుస్తారు. టార్గెట్ అందుతుంది. కానీ రాతిలో చమురు కింద ఉన్న నీరు శంకువులా పైకి లేచి బావిలోకి దూరుతుంది. ఒకసారి నీరు దారి చేసుకుంటే మళ్లీ మళ్లించడం కష్టం. చమురు కన్నా నీరే ఎక్కువ వచ్చే రోజుకి, చోక్ తెరిపించిన మేనేజర్ ప్రమోషన్ మీద ఇంకో చోటికి వెళ్లిపోయి ఉంటాడు.