ఆ బొమ్మ వేసేనాటికి పౌలా గర్భవతి కాదు
జర్మన్ చిత్రకారిణి పౌలా మీద మీరు రాసిన వ్యాసం బాగుంది కానీ ఒక సవరణ. పౌలా మోడర్సోన్ బెకర్ ఆరో పెళ్లిరోజు స్వీయచిత్రాన్ని "గర్భిణిగా ఉన్నప్పుడు గీసుకున్నది" అని రాశారు. ఆ బొమ్మ మీద ఉన్న తేదీ 1906 మే 25. కూతురు మటిల్డే పుట్టింది 1907 నవంబర్ 2న, అంటే 17 నెలల తర్వాత! బొమ్మ వేసేనాటికి ఆమె భర్త ఒట్టోను విడిచి పారిస్‌లో ఒంటరిగా ఉంది. సంతకం కూడా భర్త ఇంటిపేరు లేకుండా "పి.బి." (పౌలా బెకర్) అనే చేసింది. బొమ్మలో కనిపించే ఆ నిండు పొట్ట ఆమె ఊహించుకున్నది. బొమ్మ బలమంతా అందులోనే ఉంది.

ఆమె బొమ్మల "రంగులు మసకబారాయి" అన్నారు కదా, అది కూడా అంత సూటి విషయం కాదు. ఆమె ఎక్కువగా అట్టల మీద, తరచు టెంపెరాతో (గుడ్డుసొన లాంటి జిగురు కలిపిన రంగుతో) వేసేది. సరిగా పూత వేయని అట్ట రంగులోని జిగురును పీల్చేస్తుంది, అందుకే బొమ్మ ఉపరితలం మెరుపు లేకుండా సున్నపు గోడలా కనిపిస్తుంది. ఆమెకు కావలసిందీ ఆ గరుకుతనమే. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో చూసిన ఫయూమ్ మమ్మీ చిత్తరువుల (ప్రాచీన ఈజిప్టులో మమ్మీల మీద అమర్చిన ముఖచిత్రాల) పెద్ద కళ్లు, సాదా ముఖాలు ఆమెను కదిలించాయి. తడి రంగును కుంచె పిడితో గీరడం కూడా ఆ గరుకు కోసమే. మెరుపు కోసం తర్వాత ఎవరైనా వార్నిష్ పూస్తే అది లోపలికి ఇంకి, రంగులు నల్లబడతాయి. అట్టలోని ఆమ్లం వల్ల అంచులు పెళుసెక్కుతాయి, తేమ మారితే అట్ట వంగి రంగు పెచ్చులూడుతుంది.

ప్రసవమైన 18 రోజులకే, నవంబర్ 20న, 31 ఏళ్లకు రక్తపు గడ్డ అడ్డుపడి చనిపోయింది. దయచేసి ఆ గర్భిణి మాట సరిచేయండి.