పచ్చ టిక్ పడితే ఏజెంట్ పనిచేస్తున్నట్టేనా?

ఐటీ అడ్మిన్ల గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "ఇంట్యూన్, జామ్ఫ్ లాంటి ఎండీఎం ఉంటే సెక్యూరిటీ ఏజెంట్ వేయడం చిటికెలో పని. ప్యాకేజీ చేసి ఆఫీసు మొత్తానికి ఒకేసారి పుష్ చేయండి. యూజర్‌కు తెలియకుండానే ఎక్కేస్తుంది. కన్సోల్‌లో పచ్చ టిక్ పడితే పని అయిపోయినట్టే. తేడా వస్తే తీసేయడమూ ఒక్క క్లిక్కే."

ఎండీఎం అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకేచోటి నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్, సెక్యూరిటీ ఏజెంట్ అంటే ప్రతి మెషీన్‌లో ఉండి దాన్ని కాపాడే ప్రోగ్రామ్. పెన్‌డ్రైవ్ పట్టుకుని సీటు సీటుకూ తిరగడంతో పోలిస్తే ఎండీఎం వరమే, కాదనను. మిగతాదంతా ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు పచ్చ టిక్. ఇంట్యూన్ "ఇన్‌స్టాల్డ్" అని చెప్పేది ఏజెంట్ పనితీరు చూసి కాదు, మనం రాసిచ్చిన డిటెక్షన్ రూల్ (యాప్ ఎక్కిందో లేదో తేల్చే షరతు) చూసి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఫలానా ఫోల్డర్ ఉంటే చాలని రూల్ రాశామనుకోండి. ఇన్‌స్టాలర్ ఫోల్డర్ పెడుతుంది, ఫైళ్లు కాపీ చేస్తుంది. కానీ ఏజెంట్‌ను మన ఖాతాకు కలపడానికి కమాండ్‌లో ఇచ్చిన టోకెన్‌లో (రహస్య కోడ్‌లో) ఒక అక్షరం పోయింది, ఏజెంట్ సర్వర్‌లో నమోదు కాలేదు. ఇంట్యూన్‌కు అదంతా అనవసరం. ఫోల్డర్ కనబడింది, టిక్ పెట్టేసింది. ఇంతకంటే చికాకైనది ఇంకోటుంది. పాత వెర్షన్ తీసేసినప్పుడు ఖాళీ ఫోల్డర్ ఒక్కోసారి మిగిలిపోతుంది. ఇన్‌స్టాల్‌కు ముందు ఇంట్యూన్ మొదట డిటెక్షనే చూస్తుంది కాబట్టి, ఆ మెషీన్‌లో ఇన్‌స్టాలర్ అసలు మొదలే కాదు. అయినా టిక్కే! ఫోల్డర్ బదులు సర్వీస్ నడుస్తోందా, ఏ వెర్షన్ అన్నది స్క్రిప్ట్‌తో చూడండి. తర్వాత ఇంట్యూన్ జాబితాను ఏజెంట్ సొంత కన్సోల్ జాబితా పక్కన పెట్టండి. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని మెషీన్లే మీ అసలు పని.

"యూజర్‌కు తెలియకుండా" అన్నది విండోస్‌లో చాలావరకు నిజమే. అయితే యూజర్ స్క్రీన్‌తో సంబంధం లేని సిస్టమ్ అకౌంట్ కింద నడిచే ఇన్‌స్టాలర్ ఏదైనా ప్రశ్న అడిగితే ఆ బాక్స్ ఎవరికీ కనబడదు. డిఫాల్ట్ గడువు 60 నిమిషాలూ ఎదురుచూసి ఫెయిల్ అవుతుంది.

మాక్‌లో కథ వేరు. ప్యాకేజీ ఎక్కినంత మాత్రాన ఏజెంట్‌కు ఫైళ్లు చదివే హక్కు రాదు. ఫుల్ డిస్క్ యాక్సెస్‌కు ఒక ప్రొఫైల్ (సెట్టింగుల ఫైల్), సిస్టమ్ ఎక్స్‌టెన్షన్‌కు (సిస్టమ్ స్థాయిలో పనిచేసే ఏజెంట్ భాగానికి) ఇంకో అనుమతి ఎండీఎం నుంచే, అదీ ప్యాకేజీ కంటే ముందే వెళ్లాలి. ఆలస్యమైతే యూజర్ ముందు పాపప్‌లు, హెల్ప్‌డెస్క్‌కు టికెట్లు. ఇక స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వడం ఎండీఎం వల్ల కూడా కాదు. మామూలు యూజర్ తానే ఆన్ చేసుకునే వీలు కల్పించగలదు, అంతే. కెమెరా, మైక్ విషయంలో అడ్డుకోగలదు తప్ప అనుమతించలేదు. యాపిల్ కావాలనే అలా పెట్టింది, మంచిదే. అసలు ఉద్యోగికి చెప్పకుండా ఎక్కించాలన్న ఆరాటం ఎందుకో నాకర్థం కాదు. ముందురోజు ఒక మెయిల్ పెడితే పోయేదేముంది?

"మొత్తానికి ఒకేసారి" అన్నదానికి జవాబుగా చాలామంది 2024 జూలై 19 నాటి క్రౌడ్‌స్ట్రైక్ (సెక్యూరిటీ ఏజెంట్ తయారుచేసే కంపెనీ) ఘటన చూపిస్తారు. మైక్రోసాఫ్ట్ లెక్కలో 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. కానీ ఆ ఉదాహరణ ఇక్కడ సరిగ్గా అతకదు. అది ఎండీఎం నుంచి వచ్చింది కాదు, కంపెనీ నేరుగా పంపిన కంటెంట్ అప్‌డేట్ (ఏజెంట్ కొత్త వెర్షన్ కాదు, ముప్పులను గుర్తించే సమాచారం). అందుకే ఏజెంట్ ఒక వెర్షన్ వెనక ఉండేలా పాలసీ పెట్టుకున్నవాళ్లూ దెబ్బతిన్నారు. పైలట్ గ్రూపు (ముందుగా వేసి చూసే కొద్ది మెషీన్లు) మనల్ని కాపాడేది మన తప్పుల నుంచి: పాత వీపీఎన్‌తో గొడవ, తప్పు టోకెన్, అకౌంట్స్ వాళ్ల పాత సాఫ్ట్‌వేర్. కాబట్టి పైలట్‌లో ఐటీ వాళ్ల లాప్‌టాప్‌లే కాదు, అకౌంట్స్ మెషీన్ ఒకటి ఉండి తీరాలి. కంటెంట్ అప్‌డేట్‌లను దశలవారీగా తీసుకునే వీలుందా అని వెండర్‌ను విడిగా అడగాలి.

తీసేయడం ఒక్క క్లిక్కా? ఇంట్యూన్‌లో అసైన్‌మెంట్ (యాప్‌ను ఏ మెషీన్లకు వేయాలన్న ఆదేశం) తొలగిస్తే యాప్ పోదు, అన్‌ఇన్‌స్టాల్‌ను విడిగా అసైన్ చేయాలి. టాంపర్ ప్రొటెక్షన్ (ఎవరూ సులువుగా తీసేయకుండా అడ్డుకునే రక్షణ) ఉన్న ఏజెంట్ అప్పటికీ తీసేందుకు విడిగా టోకెన్ అడుగుతుంది. మెషీన్ బూటే కాకపోతే ఎండీఎం ఆదేశం చేరేదే లేదు. జూలై 19న చాలాచోట్ల సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్‌ను చేత్తో చెరిపేయాల్సి వచ్చింది, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ కీలు ఎక్కడున్నాయో, ఏజెంట్ తీసే టోకెన్ ఎవరి దగ్గరుందో పుష్ చేయడానికి ముందే రాసిపెట్టుకోండి.