సవరణ: చైనా విల్లో అల్లిక పనికి సంబంధించి

చైనా విల్లో బుట్టల గురించిన గత పోస్టులో ఈ పని మింగ్ రాజుల కాలంలో (1368–1644) మొదలైందని, వాడేది చెరువు గట్ల మీద కొమ్మలు వాల్చుకుని కనిపించే విల్లో చెట్టు అని ఉంది. రెండూ సరిచేయాలి.

ముందు చెట్టు సంగతి. అల్లికకు వాడేది చీలియూ అనే పొద జాతి విల్లో. మొదలు దగ్గర కోసేస్తే మళ్ళీ సన్నగా, నిటారుగా చువ్వలు వేస్తుంది. తొక్క ఒలిచి ఆరబెట్టి, అల్లే ముందు మళ్ళీ నానబెడతారు. ఉత్తర చైనాలో చేటలు అల్లేవాళ్ళు సగం నేలలోకి తవ్విన గదుల్లో కూర్చునేవారు. అక్కడ తేమ నిలుస్తుంది, చువ్వ విరగదు. చువ్వల మధ్య నుంచి నార దారం లాగి బిగిస్తారు. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి!

ఇక కాలం. క్రీ.పూ. 4వ శతాబ్దపు చైనా తత్వవేత్త మెన్షియస్ పేరిట ఉన్న గ్రంథంలోనే, ఆయనతో వాదించే గావోజీ అనే ఆలోచనాపరుడు మనిషి స్వభావాన్ని చీలియూతోనూ, ధర్మాన్ని దాంతో చేసే గిన్నెలతోనూ పోలుస్తాడు. ఆ గిన్నెలు అల్లినవి కావు, కొయ్య వంచి చేసినవని 12వ శతాబ్దపు పండితుడు జూ షీ వ్యాఖ్యానం. కాబట్టి దీన్ని అల్లికకు రుజువుగా చూపలేం. కానీ ఈ విల్లోతో సామాన్లు చేయడం మింగ్ కాలానికి దాదాపు 1,700 ఏళ్ళ ముందే అందరికీ తెలుసని ఒప్పుకోవాల్సిందే.

విల్లో అల్లే ప్రాంతమైన, అన్‌హుయ్ రాష్ట్రంలోని ఫూనాన్ గురించి గత పోస్టులో రాసింది అలాగే ఉంచాం. హ్వై నది పొంగితే అక్కడి వాంగ్‌జియాబా గేట్లు ఎత్తి నీళ్ళు పొలాల మీదకు వదులుతారు, 2020 జూలైలోనూ వదిలారు. మిగతా పైర్లు కుళ్ళిపోయే వరదను కూడా చీలియూ పొద చాలావరకు తట్టుకుంటుంది.