క్లోజ్‌బర్న్ నుంచి కోఠీ దాకా

పోయిన చలికాలం ఒకావిడ ఇంటికి టీకి వెళ్ళాను. నాతో ఇరవై ఏళ్ళు కలిసి పనిచేసి ఈ మధ్యే రిటైరైంది. టీ కప్పులు పక్కకు జరిపి, బల్లమీద ఓ లావుపాటి ఫైలు తెరిచింది. వాళ్ళ అమ్మ వైపు వంశవృక్షం అట. పెన్సిల్వేనియాలో మొదలై, తరం తర్వాత తరం పైకి ఎక్కుతూ, స్కాట్లండ్‌లో క్లోజ్‌బర్న్ అనే చోటి దొరల దగ్గర ఆగింది. గీతలన్నీ నల్లసిరాతో ఉన్నాయి, ఒక్కటి తప్ప. సముద్రం దాటి వచ్చిన మనిషికీ, అక్కడ అతని తండ్రి అనుకుంటున్న మనిషికీ మధ్య పెన్సిల్‌తో గీసిన చుక్కల గీత ఉంది.

"పదకొండేళ్ళుగా అది అట్లాగే ఉంది. ఒక్క బాప్తిజం కాగితం దొరికితే సిరాతో దిద్దుతాను" అంది.

పైనున్న దొరలు నాకు గుర్తులేరుగానీ ఆ చుక్కల గీత మాత్రం మనసులో ఉండిపోయింది. ఇక్కడ అమెరికాలో మన తెలుగు సభల్లో, పెళ్ళి భోజనాల దగ్గర "మా ముత్తాతల ముత్తాతలు ఫలానా రాజుగారి కొలువులో సేనాధిపతులు" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మధ్యలో ఎక్కడో చుక్కలు ఉన్నాయని ఒప్పుకున్నవాళ్ళను మాత్రం చూడలేదు.

ఇంకో సంగతి కూడా నన్ను అక్కడ కట్టిపడేసింది. కాగితం పైభాగంలో ఉన్న ఇంటిపేరు కిర్క్‌పాట్రిక్. నేను డిగ్రీ చదివింది కోఠీ మహిళా కళాశాలలో. ఆ పెద్ద స్తంభాల కింద, మెట్లమీద కూర్చుని టిఫిన్ బాక్సులు తెరుచుకున్న మూడేళ్ళలో, ఆ భవనం కట్టించినాయన పేరు కిర్క్‌పాట్రిక్ అని మాత్రమే తెలుసు. ఆ పేరు ఎక్కడి నుంచి నడిచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

క్లోజ్‌బర్న్ నైరుతి స్కాట్లండ్‌లో, డంఫ్రీస్ పట్నానికి ఉత్తరాన ఉంది. 1232లో రాజు రెండో అలెగ్జాండర్ ఆ భూములను ఇవోన్ కిర్క్‌పాట్రిక్‌కు పట్టా రాసిచ్చాడు. ఆ వంశానికి పేరు తెచ్చిన కథ మాత్రం 1306 నాటిది. డంఫ్రీస్‌లోని ఒక మఠంలో, తర్వాత స్కాట్లండ్ రాజైన రాబర్ట్ బ్రూస్ తన ప్రత్యర్థి కామిన్‌ను పొడిచి బయటికి వచ్చాడట. చచ్చాడో లేదో అనుమానంగా ఉందన్నాడట. పక్కనున్న కిర్క్‌పాట్రిక్ "నేను ఖాయం చేస్తా" అని కత్తి తీసుకుని లోపలికి వెళ్ళాడట. అప్పటినుంచీ ఆ వంశపు చిహ్నం నెత్తురోడే కత్తి, వాళ్ళ బిరుదువాక్యం "ఖాయం చేస్తాను".

హత్య గురించి గొప్పగా చెప్పుకునే మాట అది. కానీ వంశం వెతికేవాళ్ళకు అంతకన్నా పనికొచ్చే మాట ఇంకోటి లేదు. ఎందుకంటే క్లోజ్‌బర్న్‌లోనే ఖాయం చేసుకునే దారి సగం మూసుకుపోయింది. 1748లో వాళ్ళ కొత్త భవంతి తగలబడింది. పటాలు, వెండి సామాను, వాటితోపాటు కుటుంబ పత్రాలు చాలావరకు బూడిదయ్యాయి. 1783లో ఎస్టేటు మొత్తం అమ్ముకున్నారు. పాత రాతి బురుజు మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. ఎస్టేటు అమ్మేనాటికే ఆ ఇంటిపేరు గలవాళ్ళు నలుదిక్కులా చెదిరిపోయారు.

వాళ్ళలో ఒక విలియం కిర్క్‌పాట్రిక్ డంఫ్రీస్ దగ్గరి కాన్‌హీత్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకు వ్యాపారం కోసం వెళ్ళాడు. బాగా సంపాదించాడు, అక్కడ అమెరికా కాన్సల్‌గా కూడా పనిచేశాడు. కూతురు మరియా మాన్యుయెలాను ఒక పెద్ద ప్రభువుల ఇంటి తమ్ముడు ఇష్టపడ్డాడు. అంతటి ఇంటివాళ్ళు పెళ్ళి చేసుకోవాలంటే రాజుగారి అనుమతి కావాలి. అనుమతి కావాలంటే పిల్లది కులీన వంశమని రుజువు కావాలి. ద్రాక్షసారా వ్యాపారి ఎక్కడినుంచి తెస్తాడు? ఎడిన్‌బరాలో వంశచిహ్నాలు, వంశక్రమాలు చూసే అధికారులు తమది క్లోజ్‌బర్న్ కొమ్మేనని ఇచ్చిన ధ్రువపత్రం తెచ్చి చూపించాడు. అది చూసి రాజు ఏడో ఫెర్డినాండ్ "ఫింగల్ కూతుర్ని చేసుకోనివ్వండి" అన్నాడని చెప్పుకుంటారు. ఫింగల్ అంటే స్కాట్లండ్ గాథల్లో వీరుడు. 1817లో పెళ్ళయింది. వాళ్ళ చిన్నకూతురు యూజెనీ 1853లో మూడో నెపోలియన్‌ను పెళ్ళాడి ఫ్రాన్స్ మహారాణి అయింది.

ఇక్కడ ఆగి ఒక్క మాట. స్పెయిన్‌లో తండ్రి ఇంటిపేరు పక్కనే తల్లి ఇంటిపేరూ రాస్తారు. అందుకే మహారాణి అసలు పేరు చివర కిర్క్‌పాట్రిక్ ఉంది. డంఫ్రీస్ పల్లెలోని ఇంటిపేరు పారిస్ రాజభవనం దాకా చేరింది తల్లి ద్వారా. మన పద్ధతి అక్కడ ఉండుంటే పెళ్ళి పీటలమీదే ఆ పేరు చెరిగిపోయేది.

ఇదే ఇంటిపేరుతో, తమదీ ఆ వంశమేనని చెప్పుకునే మరో కుటుంబం ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసుకు చేరింది. ఆ ఇంట్లో 1764లో మద్రాసులోనే పుట్టిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదులో రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి అయ్యాడు. ఖైరున్నీసాను పెళ్ళాడాడు. ఆమె ఘోషాలో ఉండేది, బయటికొచ్చి అతను కోఠీలో కట్టించిన కొత్త భవనాన్ని చూసే వీల్లేదు. అందుకని ఆ భవనం నమూనానే బొమ్మంత చేయించి ఆమె ఉండే తోటలో పెట్టించాడని చెప్పుకుంటారు. ఆ బొమ్మ భవనం మా కాలేజీ ఆవరణలో శిథిలంగా, ముళ్ళకంపల మధ్య ఉండేది. మేం దాని పక్కనుంచే నడిచి లైబ్రరీకి వెళ్ళేవాళ్ళం.

ఖైరున్నీసా పుట్టిల్లు తక్కువదేం కాదు. ఇరాన్‌లోని షుస్తర్ నుంచి వలస వచ్చిన సయ్యదులు, నిజాం దర్బారులో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు. అంటే జేమ్స్, ఖైరున్నీసాలకు పుట్టిన ఇద్దరు పిల్లలకూ రెండు వైపులా పెద్ద వంశమే, రెండు వైపులా వలసే. 1805లో పిల్లల్ని చదువుకోసం ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు. పాపకు మూడేళ్ళు, బాబుకు నాలుగు. కొన్ని వారాల్లోనే తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తర్వాతి ఏడాది లండన్‌లో బాప్తిజం ఇచ్చి సాహెబ్ ఆలంను విలియం జార్జ్ అన్నారు. సాహెబ్ బేగంను కేథరిన్ అరోరా అన్నారు, ఇంట్లో కిట్టీ. తల్లి 1813లో హైదరాబాదులో కన్నుమూసింది. పిల్లల్ని మళ్ళీ చూడలేదు.

కిట్టీ పెరిగి, పెళ్ళాడి, ఇంగ్లిష్ ఇల్లాలైంది. ఓసారి స్వాలోఫీల్డ్ అనే ఊళ్ళో ఒకరింటికి వెళ్తే గోడమీద ఇద్దరు పిల్లల బొమ్మ కనిపించింది, హైదరాబాదు దుస్తుల్లో. తామిద్దరే! ఓడ ఎక్కేముందు మద్రాసులో చినరీ అనే చిత్రకారుడు వేసిన బొమ్మ అది. చూసి ఏడ్చేసిందట. ఆ తర్వాతే హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే ఉందని తెలిసి ఉత్తరాలు మొదలుపెట్టింది. విడిపోయి అప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. అమ్మ ఏడుపు, ఆ రోజు ఆమె కూర్చున్న చోటు ఇంకా కళ్ళముందు ఉన్నాయని రాసింది. మూడేళ్ళ పిల్లకు మిగిలిన జ్ఞాపకం అది! అమ్మమ్మ, మనవరాలు ఒకరి భాష ఒకరికి రాక, మధ్యలో తర్జుమా చేసేవాళ్ళతో ఉత్తరాలు నడిపారు. కలుసుకోలేదు.

ఈ రెండు కథలు పక్కపక్కన పెట్టుకుంటే నాకు బాధనిపించేది ఇదే. మాలగా కొమ్మలో గొప్పతనం వైపు గీత గీయించడానికి అధికారులు, ముద్రలు, ధ్రువపత్రాలు అన్నీ కదిలాయి. హైదరాబాదు కొమ్మలో ఒక తల్లి వైపు గీతను అంతే శ్రద్ధగా చెరిపేశారు. ఇప్పటికీ వంశం వెతికేవాళ్ళు చాలామంది మొదటి తప్పే చేస్తున్నారు. దొర కనిపించేదాకా ఎక్కుతారు. పక్క కొమ్మల్లో ఎవరున్నారో చూడరు.

లెక్క ప్రకారం చూసినా దొర దొరకడం పెద్ద విశేషం కాదు. మనకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతలు అమ్మమ్మలు నలుగురు, వాళ్ళ పైన ఎనిమిదిమంది. 25 తరాలు వెనక్కి వెళ్తే 3 కోట్ల 35 లక్షల పైచిలుకు స్థానాలు. 1306 నాటి స్కాట్లండ్ జనాభా పది లక్షలకు అటూ ఇటూ అని అంచనా. ఒకే మనిషి పదుల చోట్ల వస్తే తప్ప ఆ స్థానాలు నిండవు. అంటే స్కాట్లండ్ మూలాలున్న మనిషి ఎవరైనా సరే, ఎక్కడో ఒక దొరకూ వారసుడే, ఆ దొర పొలం దున్నినవాడికీ వారసుడే. తేడా ఒక్కటే, దొరకు పట్టా ఉంది, దున్నినవాడికి లేదు. నా స్నేహితురాలి గొప్పతనం ఆమె రక్తంలో లేదు, ఆ ఒక్క గీతను పదకొండేళ్ళు పెన్సిల్‌లోనే ఉంచడంలో ఉంది.

స్కాట్లండ్ వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సింది నిజంగా ఉంది. అక్కడి చర్చి రిజిస్టర్లలో, వీలునామాల్లో, సమాధిరాళ్ళమీద పెళ్ళయిన ఆడవాళ్ళకు కూడా పుట్టింటిపేరే రాసేవారు. 1855 జనవరి 1 నుంచి ప్రభుత్వమే జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టింది. ఒక ముసలమ్మ చనిపోతే ఆమె తండ్రి పేరు, తల్లి పేరు, ఆ తల్లి పుట్టింటిపేరు కూడా రాస్తారు. ఒక్క మరణపత్రంతో రెండు తరాలు పైకి ఎక్కొచ్చు, అదీ ఆడవాళ్ళ వైపు నుంచి.

మన దగ్గర పుట్టింటిపేరు ఎక్కడ మిగిలింది? అమెరికాలో మన పిల్లలకు అమ్మ పుట్టింటిపేరు తెలిసేది బ్యాంకుకు ఫోన్ చేసినప్పుడే. అది సెక్యూరిటీ ప్రశ్నకు జవాబు. అమ్మమ్మ పుట్టింటిపేరు అడిగితే అదీ లేదు.

మనకు కాగితం అలవాటే లేదని సరిపెట్టుకోవడం కుదరదు. పిచ్చకుంట్లవాళ్ళు ఊరూరా తిరిగి ఇంటింటి గోత్రాలు, వంశాలు పాడారు. పద్మశాలీలకు కూనపులివాళ్ళున్నారు. కాకపోతే దక్షిణ ఇచ్చే ఇంటి గొప్పే వాళ్ళు పాడారు, మగవాళ్ళ వరసే పాడారు. పూర్తిగా వేరే రకం కాగితం కూడా ఒకటుంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకుతోటలకు వెళ్ళిన కూలీలలో మనవాళ్ళు చాలామంది. ఓడ జాబితాలో ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. వాళ్ళను లెక్కపెట్టుకోవడానికి రాసిన కాగితమే ఈరోజు వాళ్ళ మునిమనవలకు ఊరి దారి చూపిస్తోంది. అదే నటాల్‌కు ఆనుకుని ఉన్న జులూ దేశంలో 1879లో యూజెనీ ఒక్కగానొక్క కొడుకు యుద్ధంలో చనిపోయాడు. క్లోజ్‌బర్న్ నుంచి పారిస్ దాకా ఎక్కిన కొమ్మ అక్కడ ఆగిపోయింది. చెరకు కోసినవాళ్ళ కొమ్మలు ఇంకా చిగురిస్తున్నాయి.

అందుకే మన తెలుగు సంఘానికి నాదొక విన్నపం. వచ్చే సావనీరులో కుటుంబాల పేజీలు వేస్తే, ప్రతి ఆడమనిషి పేరు పక్కనా పుట్టిన ఊరు, పుట్టింటిపేరు వేయండి. విన్నమాటను విన్నమాట అని, చూసిన కాగితాన్ని చూశామని రాయండి. రాజుగారి కొలువు సంగతి తర్వాత చూసుకుందాం.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. పోయిన శ్రావణంలో మా ఇంట్లో అత్తగారి సంవత్సరీకం. పంతులుగారు మా ఆయన్ని మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు అడిగారు. అమ్మ పేరు చెప్పారు, నాయనమ్మ పేరు చెప్పారు. ఆ పైన? ఈయనకు తెలియదు. కరీంనగర్‌లో ఉన్న మేనత్తకు ఫోన్ చేశాం, అక్కడ రాత్రి పదయింది. "పెద్దవ్వ, పెద్దవ్వ అనేటోళ్ళం బిడ్డా. పేరు వెట్టి ఎవరు పిలిచిన్రు?" అంది. పంతులుగారు "తెలియకపోతే గంగ అనుకోండి" అన్నారు. చేతిలో నువ్వులు, నీళ్ళు పట్టుకుని ఈయన ఒక్క క్షణం ఆగిపోయారు. తన తాతను కన్న తల్లికి అప్పటికప్పుడు ఓ పేరు పెట్టాల్సి వచ్చింది.

రెండు నెలల తర్వాత మేనత్తే ఫోన్ చేసింది. అటకమీద ఇత్తడి గంగాళం దింపించిందట. అంచుమీద పేరు చెక్కి ఉంది, ఫొటో పంపింది. సొట్ట పడిన చోట అక్షరాలు అరిగిపోయాయి. "రాజ" వరకూ స్పష్టంగా కనిపిస్తోంది. ఆ తర్వాతది వత్తో, గీతో తెలియడం లేదు. రాజవ్వా? రాజయ్యా? పెద్దవ్వదే ఆ గంగాళం, పుట్టింటివాళ్ళు పెట్టింది, రాజవ్వే అని మేనత్త గట్టిగా అంటోంది. ఆ ఊళ్ళో పాత పహాణీలు ఎవరి దగ్గరైనా దొరుకుతాయేమో మా మరిది అడుగుతున్నాడు.

నేను మాత్రం మా కాగితం మీద రాజవ్వ అని రాసుకున్నాను, పెన్సిల్‌తో.