కొండ మీద కొలువు

తెలుగువాడు కొండెక్కాడంటే ఏదో ఒకటి సమర్పించుకోకుండా దిగడు. ఈ ఆచారం తిరుమలకే పరిమితం అనుకునేవాణ్ణి, 2022లో కాలిఫోర్నియా కొండల్లో లేక్ తాహో సరస్సు దగ్గర పైన్ చెట్ల మధ్య ఒక చెక్క ఇల్లు కొనేవరకు. ఇక్కడివాళ్ళు దాన్ని కేబిన్ అంటారు. సముద్రమట్టానికి ఆరు వేల అడుగుల పైన ఉంటుంది. ఫ్రీమాంట్‌లో మా ఇంటి నుంచి మూడున్నర గంటలు, శుక్రవారం సాయంత్రం బయల్దేరితే ఆరు. వారమంతా కంప్యూటర్ ముందు వేడెక్కిన బుర్రకి కాస్త ప్రశాంతత కావాలి కదా అని కొన్నాం. మావాళ్ళలో ఇంకో నలుగురు కూడా ప్రశాంతత కొనుక్కునే ఆలోచనలో ఉన్నారని తెలిసింది. కాబట్టి అనుభవజ్ఞుడిగా కొన్ని విషయాలు చెప్పడం నా బాధ్యత.

మొదటి సమర్పణ తలనీలాలు. మనవి కాదు, ఇంటివి. కాలిఫోర్నియాలో ఇలాంటి చోట ఇల్లుంటే చుట్టూ 100 అడుగుల మేర మంటకి మేత దొరక్కుండా చూసుకోవాలని చట్టం. అందులో గోడని ఆనుకుని ఉన్న మొదటి 5 అడుగులు గర్భగుడి లాంటివి. అక్కడ గడ్డి, పొద, కట్టెల మోపు, ఎండుటాకు ఏవీ పనికిరావంటారు. కంకరో, సిమెంటో, మొత్తానికి నున్నటి గుండు. ఈ 5 అడుగుల కోసం 2020లో ప్రత్యేకంగా చట్టం చేశారు. నిబంధనలు రాయడానికి 2023 జనవరి దాకా గడువు పెట్టుకున్నారు. ఆ గడువు దాటాక కూడా గోడ పక్కన మొక్క ఉండొచ్చా కూడదా అని పెద్దలు ఏళ్ళ తరబడి చర్చించుకున్నారు. మన పంచాయతీల్లో అరుగు గొడవ ఇంతకంటే త్వరగా తేలుతుంది.

అయితే ఈ గుండు మీద జోకులేయడానికి నాకు పూర్తిగా మనసొప్పదు. అడవి మంటల్లో చాలా ఇళ్ళు కాలేది మంట నడుచుకుంటూ వచ్చి కాదు, గాలికి ముందే ఎగిరొచ్చిన నిప్పురవ్వల వల్ల. రవ్వ వచ్చి చూరు కాలవలో పేరుకున్న ఎండుటాకుల్లో పడుతుంది, లేదా అటక గాలికంతలోంచి లోపలికి దూరుతుంది, అంతే సంగతి. 2007లో ఆంగోరా మంటలకి ఇక్కడే 254 ఇళ్ళు పోయాయి. 2021 ఆగస్టు 30న కాల్డార్ మంటలు కొండ దాటి వస్తున్నాయని సౌత్ లేక్ తాహో ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. ఆ ఊరు దక్కింది. కొండకి అవతలి పక్క గ్రిజ్లీ ఫ్లాట్స్ దక్కలేదు. అందుకే నేను శనివారాలు సూదులు ఏరుతుంటాను.

సూదులంటే పైన్ ఆకులు. మా పెరట్లో ఉన్నవి జెఫ్రీ పైన్ చెట్లు. బెరడు పగులులో ముక్కు పెడితే వెనీలా వాసన వస్తుందని ఇల్లు చూపించినావిడ చెప్పింది. ముక్కు పెట్టాను, వచ్చింది, సంతకం పెట్టేశాను. ఆ ఆకు మూడేసి సూదుల కట్టగా జానెడు పొడవుంటుందనీ, ఇంటికప్పు మీద రాలినప్పుడు ఎవరో చీపురుకట్ట విప్పి పోసినట్టుంటుందనీ అప్పుడు ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

పోనీ చెట్టే కొట్టేద్దామా అంటే, తాహో సరస్సు నీళ్ళు తేటగా ఉండాలి కాబట్టి 14 అంగుళాల వ్యాసం దాటిన చెట్టు మీద చెయ్యి వేయాలంటే అనుమతి కావాలి. నేలని మరీ బోడిగా ఉంచినా తప్పే, మట్టి కొట్టుకుపోయి సరస్సులో కలుస్తుంది. కాబట్టి గోడ పక్కన గుండు, ఆ అవతల పొట్టి క్రాఫు, ఇంకాస్త దూరంలో ఒత్తుగా జుట్టు. వెరసి మనం చెట్ల మీద ప్రేమతో అడవికొచ్చి క్షౌరవృత్తిలో స్థిరపడతాం.

పోయిన జూన్‌లో నరసరావుపేట నుంచి అమ్మానాన్న వచ్చారు. గుమ్మానికి తోరణం లేని ఇల్లేమిట్రా అని అమ్మ ఫ్రీమాంట్‌లో మామిడాకులు కొనిపించి, దారంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చి కట్టింది. ఇక్కడి పొడిగాలికి రెండు రోజుల్లో అవి అప్పడాలయ్యాయి. మూడో రోజున అగ్నిమాపక దళం నుంచి ఉచిత తనిఖీకి ఒకాయన వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. మెట్ల కిందకి వంగి చూశాడు, చూరు తడిమాడు, గుమ్మం దగ్గర ఆగి ఒక ఆకుని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. పొడి రాలింది.

"ఇదేంటి?" అన్నాడు.

"శుభం" అన్నాను.

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. వెళ్ళాక చూస్తే "ద్వారం పైన ఎండుటాకులు, తీసేయాలి" అని ఉంది. అలాగైతే ప్లాస్టిక్ తోరణం కట్టుకుందామంది అమ్మ. అది ఇంకా బాగా మండుతుందని ఆవిడకి చెప్పే బాధ్యత మా ఆవిడకి అప్పగించాను. ప్రస్తుతం మా గుమ్మానికి రాగిరేకు ఆకులు వేలాడుతున్నాయి. చట్టమూ శాస్త్రమూ రెండూ తృప్తిపడ్డాయి.

ఇక నీళ్ళ సంగతి. కొన్న ఏడాదే, 2022-23 చలికాలంలో, డోనర్ కనుమ దగ్గరి మంచు ప్రయోగశాల లెక్క ప్రకారం 754 అంగుళాల మంచు కురిసింది. అంటే సుమారు 63 అడుగులు, ఓ తాటిచెట్టు. ఆ కాలంలో దినచర్య ఇలా ఉంటుంది: రెండు గంటలు పార పట్టి కారు బయటికొచ్చేలా దారి చేసుకుంటాం. ఈలోగా మున్సిపాలిటీ మంచు బండి వచ్చి రోడ్డు మీదున్నదంతా తెచ్చి మన వాకిట్లో గోడ కట్టి వెళ్తుంది. దానికి చెయ్యూపి థాంక్స్ చెప్పాలి. రోడ్డు తెరిచింది కదా మరి.

మనం లేనప్పుడు పైపులో నీళ్ళు గడ్డకట్టి ఉబ్బితే పైపు పగులుతుంది. అది తెలిసేది మంచు కరిగాక, నీళ్ళు హాల్లో ఈత కొడుతున్నప్పుడు. అందుకని ఎవరూ లేని ఇంటికి కూడా హీటర్ వేసి ఉంచాలి. మీటర్ ఆగకుండా తిరగడం చూసి నాన్న తట్టుకోలేకపోయారు. కరెంటు బిల్లుకి భయపడి ఎండాకాలం కూడా ఫ్యాన్ రెండులో పెట్టుకున్న మనిషి.

"ఇంట్లో మనం ఉండం. చలెవరికిరా?"

"ఇంటికి నాన్నా."

ఆయన ఆ పూట మళ్ళీ మాట్లాడలేదు. అక్టోబరు చివర్లో పైపుల్లో నీళ్ళన్నీ వదిలేసి ఇల్లు మూసేటప్పుడు మాత్రం టార్చి పట్టుకుని వెంట వచ్చారు. వాకిట్లో సన్నటి గొయ్యి ఉంటుంది, దాని అడుగున నీళ్ళ వాల్వు. నాలుగడుగుల ఇనుప తాళంచెవి, పిడి టీ ఆకారంలో ఉంటుంది, దాన్ని లోపలికి దించి గుడ్డిగా వెతుక్కోవాలి. రెండుసార్లు జారింది. మూడోసారి టక్కుమని పట్టింది, ఒక పావు చుట్టు తిప్పగానే నేల కింద గరగరమని నీళ్ళు జారిపోయిన చప్పుడు. తర్వాత అన్ని కుళాయిలూ విప్పి, కమోడ్లలో నీళ్ళని గడ్డకట్టనివ్వని గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోశాం. "మనూళ్ళో బావిలో పడ్డ బకెట్టుని గాలంతో ఇలాగే తీసేవాళ్ళం" అన్నారు నాన్న. అమెరికా వచ్చాక ఆయన మొహంలో వెలుగు చూసింది ఆ ఒక్కసారే.

ఎలుకలు, చెదలు, గోడకి కన్నాలు పెట్టి గింజలు దాచుకునే వడ్రంగిపిట్టలు, వీటి గురించి రాయను. అవి ప్రతి ఇంటా ఉండేవే.

ఎలుగుబంటి వేరు. దానికి ఇక్కడ సెలబ్రిటీ హోదా ఉంది. 2022లో హ్యాంక్ ద ట్యాంక్ అనే 500 పౌండ్ల ఎలుగుబంటి ఇళ్ళలో జొరబడుతోందని దేశమంతా వార్తలొచ్చాయి. డీఎన్ఏ పరీక్ష చేస్తే ఆ నేరాలు చేసింది ఒకటి కాదు, కనీసం మూడు అని తేలింది. మరుసటి ఏడాది పట్టుబడ్డది మగది కూడా కాదు. దాన్ని కొలరాడోలో ఒక సంరక్షణ కేంద్రానికి పంపించారు. అక్కడ దానికి ఇంటద్దె లేదు, సూదులు ఏరే పని లేదు.

దీని దర్శనం కాకుండా ఉండాలంటే చెత్తని ఇనప్పెట్టెలో పెట్టాలి. ఆ పెట్టె గడియ ఎలుగుబంటి పంజాకి అందకుండా లోపలికి చేయి దూర్చి తీసేలా ఉంటుంది. ఎలుగుబంటి సంగతేమో కానీ మా మామయ్య నాలుగు రోజులైనా తీయలేకపోయాడు. కారులో తిండి ఉంచకూడదు, తలుపు హ్యాండిల్ లాగి తెరవడం దానికి వచ్చు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు గుమ్మం ముందు షాక్ కొట్టే పట్టా పరుస్తారు. పైన రాగి తోరణం, కింద కరెంటు పట్టా. అతిథి దేవోభవ.

చివరిది నిలువుదోపిడి. మంటల భయంతో కొండల్లోని ఇళ్ళకి బీమా కంపెనీలు ఒక్కొక్కటిగా దణ్ణం పెట్టేస్తున్నాయి. మా పాత కంపెనీ కూడా ఒక ఉత్తరం ముక్కతో సెలవు తీసుకుంది. బయట ఎక్కడా బీమా దొరకనివాళ్ళ కోసం 1968 నుంచి ఫెయిర్ ప్లాన్ అని ఒకటుంది. అది ముఖ్యంగా మంటలకి. పైపు పగిలితే, దొంగలు పడితే, ఎవరైనా మెట్ల మీద జారితే వేరే పాలసీ కొనుక్కోవాలి. అంటే ఒక ఇంటికి రెండు బీమాలు. పూర్వం ప్రీమియం కొండెక్కింది అంటే మాటవరసకి అనేవాళ్ళం.

ఇవన్నీ లెక్కేశాక నాకు అర్థమైంది, మేం కొన్నది ఇల్లు కాదు, ఉద్యోగం. పత్రికలో ప్రకటన వేస్తే ఇలా ఉంటుంది: కావలెను, కొండ మీద ఖాళీ ఇంటికి కాపలాదారు, ఆకులూడ్చుట, మంచు తవ్వుట వచ్చి ఉండవలెను, జీతం కాపలాదారే చెల్లించవలెను. నాకు పోటీగా ఇంకో నలుగురు తయారవుతున్నారని మొదట్లోనే చెప్పాను కదా.

ఇల్లు మూసి దిగొస్తుంటే ఎకో సమిట్ కనుమ దాటాక మా ఆవిడ ఫోన్ టింగుమంది. వరండా కెమెరా. నేను కొని ఒక్కసారి కూడా తీరిగ్గా కూర్చోని ఊగుడు కుర్చీని పక్కకి తోసేసి, సరిగ్గా కరెంటు పట్టాకి ఇవతల, ఒక ఎలుగుబంటి వెల్లకిలా పడుకుని పొట్ట గోక్కుంటోంది. నాన్న ఆ ఫోన్ తీసుకుని చాలాసేపు చూశారు.

"దీనికి ఇన్సూరెన్సు ఎవరిస్తున్నార్రా?" అన్నారు.